అధిక శ్రావణంలో లిల్లీ దుంపలు

మా వీధిలో ఎవరు పోయినా పువ్వులు మా పెరట్లోంచే వెళ్ళేవి. ఎవరూ నోరు తెరిచి అడిగేవారు కారు. ఆ ఇంటి మనిషి ఒకరు పళ్ళెం పట్టుకుని వచ్చి గేటు దగ్గర నిలబడేవారు. మా వారు కత్తి తీసుకుని పెరట్లోకి వెళ్ళేవారు. ఎంతమంది పిల్లలు, ఎలా పోయారు లాంటి మాటలు ఆ తరవాత.

మా వారి పేరు ధర్మరాజు. కాలువ లస్కరు. షట్టర్లు ఎత్తడం, దించడం, గేజి మీద నీటిమట్టం చూసి పుస్తకంలో రాయడం ఆయన ఉద్యోగం. నేను జిల్లా పరిషత్తు హైస్కూల్లో లెక్కల టీచర్ని. మా ఊరు రాజోలుకు ఆరు కిలోమీటర్లు. మాకు పిల్లలు లేరు. వంటింటి గోడకూ కొబ్బరిచెట్ల వరసకూ మధ్య ఎండ పడే కాస్త జాగాలో ఆయన లిల్లీ మడి కట్టారు. ఏటా నలభై దుంపలు వేసేవారు.

ఆయన పని తీరు నాకు నచ్చేది కాదు. నలభై దుంపలు ఒక్క పూటలో నాటితే ఒకేసారి నీళ్ళు పెట్టుకోవచ్చు, ఒకేసారి తవ్వుకోవచ్చు. ఆయన పది నాటి ఊరుకునేవారు. ఎప్పుడో బుద్ధి పుట్టినప్పుడు ఇంకో పది. మడిలో ఒక మూల పువ్వులు, ఒక మూల ఎండుటాకులు, ఒక మూల ఉత్త మన్ను. అన్నీ ఒక్కసారే నాటేయండి అని ప్రతి ఏడూ చెప్పేదాన్ని. ఆయన “ఆయ్” అనేవారు. ఇరవై ఏళ్ళు ఆయ్ అంటూనే ఉన్నారు, పది పదే నాటుతూ ఉన్నారు.

పెద్ద వరద వచ్చిన ఏడు, జూలైలో, ఆయన తొమ్మిది రోజులు ఏటిగట్టు మీదే ఉన్నారు. ఇసుక బస్తాలు వేయించడం, గట్టు ఎక్కడ చెమ్మగిలుతోందో చూసి పై అధికారులకు ఫోన్ చేయడం. ఆ తొమ్మిది రోజులూ డ్రెయిను ఎగదన్ని మా పెరట్లో మోకాల్లోతు నీళ్ళు నిలిచాయి. ఆయన ఇంటికి వచ్చేసరికి మడిలో దుంపలన్నీ కుళ్ళిపోయాయి. చేత్తో ఒకటి తీసి చూసి, కాలువలోకి విసిరి, చెయ్యి కడుక్కున్నారు. ఆ ఏడు మళ్ళీ నాటలేదు. మన్ను ఆరనీ అన్నారు.

నవంబరు పన్నెండో తారీఖున, రెండో శనివారం ఉదయం, టీ తాగి గ్లాసు నాకు ఇచ్చారు. నేను గ్లాసు లోపల పెట్టి వచ్చేసరికి అరుగు మీద ఒక పక్కకు ఒరిగి ఉన్నారు.

మా వీధి వాళ్ళంతా వచ్చారు. పళ్ళెం పట్టుకుని వెళ్ళడానికి ఇల్లు లేదు. మరిది తాతారావు రాజోలు నుంచి చామంతి దండలు తెచ్చాడు. వాటికి రంగు వేశారు. ఆ రంగు ఆయన బుగ్గకు అంటింది. నేను కొంగుతో తుడిచాను. అప్పుడు ఎదురింటి బుజ్జమ్మగారు గట్టిగా అంది.

“ఏవర్రా, రాజు మడిలో ఒక్క పువ్వు లేదా? వాడికి బజారు పువ్వులేంటి?”

ఎవరో ఆవిడను కోప్పడ్డారు. బుజ్జమ్మగారికి ఎనభై ఏళ్ళు దాటాయి. ఆవిడ చేను కాలువ చివర. నీళ్ళు అందరి తరవాత వస్తాయి, ఒక్కోసారి రావు. ఆ సంగతి మీద ప్రతి సార్వా పంటకూ గేటు దగ్గరకు వచ్చి మా వారిని తిట్టేది. నీ లిల్లీలకున్న నీళ్ళు నా చేనుకు లేవా అనేది. అంత తిట్టిన మనిషే ఆ రోజు నా మనసులో ఉన్నది పైకి అంది. ఆ మాట నేను మరిచిపోలేదు.

సంవత్సరీకానికి వీధి మొత్తం మళ్ళీ మా ఇంట్లో భోజనానికి వస్తుంది. మడి ఖాళీగా ఉండగా చూసినవాళ్ళే వస్తారు. ఆ రోజు ఆయన ఫొటోకు ఆయన మడిలో పువ్వులే ఉండాలి. నేను కోరుకున్నది అంతే. ఎవరికీ చెప్పలేదు. చెప్పవలసినంత పెద్ద విషయం కాదు.

దుంపలు పక్కింటి మంగాయమ్మ దగ్గర దొరికాయి. చాలా ఏళ్ళ కిందట మా వారే ఆవిడకు ఒక గుప్పెడు ఇచ్చారట. ఆవిడ పెరడు మెరక కాబట్టి వరద ఎక్కలేదు. అయితే నాటింది మొదలు తవ్వి విడదీయలేదు. దుంప మీద దుంప పెరిగి, ఊపిరాడక, అయిదేళ్ళుగా ఉత్త ఆకే తప్ప పువ్వు లేదు. మరుసటి జూలైలో ఇద్దరం కలిసి తవ్వాం. అరవై పైన వచ్చాయి. ముప్ఫై రోజులు నీడలో ఆరబెట్టాం. పచ్చి దుంప నాటితే పూయడానికి మొండికేస్తుందని మా వారు అనేవారు.

ఎప్పుడు నాటాలి అన్నది నాకు కష్టమైన ప్రశ్నగా అనిపించలేదు. ఆయన గేజి రాసే పుస్తకాల్లో పాతది ఒకటి తీసుకుని, అదే పద్ధతిలో గళ్ళు గీసి, లిల్లీల సంగతి కూడా రాసుకున్నారు. నాటింది. దుంపలు. మొదటి పువ్వు. ఎవరికి. నేను మొదటి గడీ, మూడో గడీ తీసుకుని మధ్య రోజులు లెక్కపెట్టాను. చిట్టచివరి పేజీలో నాలుగు వరసలు ఉన్నాయి. తొంభై రెండు, తొంభై ఆరు, ఎనభై తొమ్మిది, తొంభై అయిదు. సగటు తొంభై మూడు. నవంబరు పన్నెండు నుంచి తొంభై మూడు రోజులు వెనక్కి వస్తే ఆగస్టు పదకొండు. ఏడో తరగతి పిల్లలు చేసే లెక్క.

నవంబరు పన్నెండు అన్న తారీఖు మీద నాకు అనుమానం రాలేదు. ఆ ఏడాదిలో దాన్ని ఇరవై మూడు కాగితాల మీద రాశాను. పింఛను కాగితాలు, బ్యాంకు, బీమా, రేషను కార్డు, ఓటరు జాబితా. మరణించిన తేదీ అన్న గడి కనిపిస్తే పెన్ను దానంతట అదే రాసేది.

ఆగస్టు పదకొండు శుక్రవారం వచ్చింది. బడి నుంచి వచ్చి పార తీశాను. మంగాయమ్మ గోడ మీంచి చూసింది.

“ఇవాళ పెడతారాండి టీచరుగారూ? అధిక శ్రావణం కదండి. అధిక మాసంలో ఏదీ మొదలెట్టరండి. నిజ శ్రావణం రానివ్వండి. వరలక్ష్మీ శుక్రవారం ఎల్లాక నాలుగు రోజులకి పెట్టుకుందురుగాని.”

“దుంపకి పంచాంగం తెలీదండి మంగాయమ్మగారూ.”

“దుంపకి తెలీదు సరేనండి. మనకి తెలియాలి కదండి మరి.”

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. నాటేటప్పుడు మాత్రం గోడ చుట్టి వచ్చి దుంపలు అందించింది. పెద్దవి అయిపోయాక బుట్టలోంచి సన్నవి కూడా కొన్ని అందించింది. సన్నవి ఆలస్యంగా పూస్తాయి, వద్దన్నాను. వాటికి మాత్రం ప్రాణం లేదాండి అంది. పెద్దవి ఇరవై తొమ్మిది, సన్నవి పదకొండు, మొత్తం నలభై. ఒకే పూటలో, జానెడు ఎడంతో, అయిదు వరసలు. ఇరవై ఏళ్ళు నేను చెప్పిన పద్ధతి. మిగిలిన దుంపలు మంగాయమ్మ బుట్టలో పోసి ఉట్టి మీద పెట్టుకుంది.

అక్టోబరు నెలాఖరుకు పెద్ద దుంపలన్నీ కాడలు తీశాయి. నవంబరు మొదటి వారంలో మొగ్గలు తెల్లబడ్డాయి. లెక్క సరిపోతోందని నాకు తృప్తిగా ఉంది. అప్పుడు అమలాపురం నుంచి తాతారావు ఫోన్ చేశాడు. అతను కువైట్‌లో పదేళ్ళు డ్రైవరుగా చేసి వచ్చి, ఇప్పుడు అమలాపురంలో ఆటో సామాన్ల కొట్టు పెట్టుకున్నాడు. అన్నగారి కర్మ అతనే చేశాడు. మాసికాలు వాళ్ళింట్లోనే పెట్టేవాడు. తారీఖు ఫోన్‌లో చెప్పేవాడు, నేను సెలవుచీటీ రాసి వెళ్ళేదాన్ని.

“డిసెంబరు ఒకటో తారీఖు, శుక్రవారమండి వదినగారూ. సెలవు పెట్టుకోండి. సంవత్సరీకం మీ ఇంట్లోనే కదండి?”

నవంబరు పన్నెండు కదా అన్నాను.

“పన్నెండు దీపావళండి. అన్నయ్య పోయింది కార్తీక బహుళ చవితి. మొన్న శ్రావణాలు రెండొచ్చేయి కదండి, అంచేత దూరం జరిగిపోయింది.”

సరేనన్నాను. ఫోన్ పెట్టేసి గోడకున్న కాలెండరు తీసి బల్ల మీద పరిచాను. శ్రావణం రెండుసార్లు ఉంది. మొదటిదాని కింద చిన్న అక్షరాలతో అధిక అని రాసి ఉంది. నేను దుంపలు నాటిన శుక్రవారం దానిలోనే ఉంది. నా సెలవుచీటీలు లెక్కపెట్టుకుంటే, ఆ అదనపు నెలతో కలిపి మాసికాలు పన్నెండు కాక పదమూడు అవుతున్నాయి. పిల్లలు ఇలాంటి తప్పు చేస్తే ప్రశ్న సరిగా చదవలేదు అని ఎర్రసిరాతో రాస్తాను.

డిసెంబరు ఒకటి నుంచి తొంభై మూడు రోజులు వెనక్కి లెక్కపెట్టాను. ఆగస్టు ముప్ఫై వచ్చింది. మళ్ళీ లెక్కపెట్టినా అదే వచ్చింది. వరలక్ష్మీ శుక్రవారం వెళ్ళాక అయిదో రోజు. మంగాయమ్మ నాలుగు రోజులకి అంది. ఒక్క రోజు తేడా.

ఆవిడకు చెప్పాను. మడి వైపు చూసింది.

“నేనేం అననండి” అంది.

మొగ్గను ఆపడానికి ఇద్దరం చేయగలిగినవన్నీ చేశాం. నీళ్ళు మానేశాం. కొబ్బరి మట్టలు కట్టి ఎండ తగలకుండా పందిరి వేశాం. మా సైన్సు మాస్టారిని అడిగితే చల్లదనం ఇస్తే ఆగుతాయి అన్నారు. నవంబరు నెలలో కోనసీమలో చల్లదనం ఎక్కడ దొరుకుతుందో ఆయన చెప్పలేదు. పదో తారీఖున మొదటి పువ్వు విచ్చింది. పన్నెండో తారీఖుకు ఇరవై తొమ్మిది కాడలూ విచ్చాయి. సగటు చాలా బాగా పని చేసింది.

ఆ రోజు దీపావళి. మాకు ఏటి సూతకం కాబట్టి దీపం పెట్టలేదు. సూతకం ఇంటి పువ్వులు పూజకు పనికిరావు కాబట్టి వీధిలో ఎవరూ అడగలేదు. పొద్దుగూకాక పెరడంతా వాసన. వీధిలో మతాబుల పొగ వచ్చే వరకు ఆ వాసనే ఉంది. ఒక కాడ కోసి స్టీలు గ్లాసులో నీళ్ళు పోసి ఫొటో ముందు పెట్టాను. ఆయన పోయిన తారీఖు అదే. అయినా ఆ రోజు వంట చేయలేదు, పంతులుగారు రాలేదు, ఎవరూ ఎందుకు అని అడగలేదు. కాలెండరులో నా ఒక్కదానికే ఉన్న రోజు అది.

వారం పది రోజుల్లో ఆ కాడలు చివరి మొగ్గ వరకూ పూసి ఎండిపోయాయి. అప్పుడు మంగాయమ్మ పిలిచి చూపించింది. సన్నదుంపలు పదకొండూ కాడలు తీస్తున్నాయి. నేను వద్దన్నవి. పందిరి పీకేశాం. పొద్దున్నా సాయంత్రమూ నీళ్ళు పెట్టాను. బడిలో ఉండగా కూడా ఆ పదకొండింటి గురించే ఆలోచించేదాన్ని. ఒకసారి తొమ్మిదో తరగతిలో బోర్డు మీద పదకొండు రాయవలసిన అవసరం లేని చోట పదకొండు రాశాను. నవంబరు ఇరవై ఎనిమిదికి కాడ కింది మొగ్గలు విచ్చాయి. ఒకటో తారీఖుకు నిండుగా ఉంటాయి. పదకొండు కాడలు ఒక దండకు సరిపోతాయి, మరీ లావుపాటి దండ కాదు.

ఇరవై తొమ్మిదో తారీఖు బుధవారం, బడికి బయల్దేరుతూ తాళం తీసుకుని బయటికి వచ్చాను. గేటు దగ్గర బుజ్జమ్మగారి మనవడు అంజిబాబు నిలబడి ఉన్నాడు. ముప్ఫై ఏళ్ళవాడు, ఆటో తోలుతాడు. చేతిలో పళ్ళెం ఉంది. నన్ను చూసి దాన్ని వెనక్కి పెట్టుకున్నాడు.

“ఎప్పుడు?” అన్నాను.

“తెల్లారగట్లండి. నిద్రలోనే. ఏం లేదండి టీచరుగారు, ఊరికే వచ్చేను. ఎల్లుండి మీకు కార్యం ఉందని తెలుసండి. మామ్మ కూడా చెప్పింది మొన్న. టీచరు ఆ పువ్వులు రాజుకి అట్టేపెట్టింది, నేను పోతే అడక్కండ్రా అని. పళ్ళెం తీసుకునేసరికి కాళ్ళు ఇటే వచ్చేసేయండి.”

తాళం గుమ్మం మీద పెట్టాను. ఆవిడ ఆ రోజు అడిగిన మాట గుర్తొచ్చింది. రాజు మడిలో ఒక్క పువ్వు లేదా. ఉంది. పదకొండు ఉన్నాయి.

“ఉండు, కత్తి తెస్తాను” అన్నాను.

“వద్దండి. నేను రాజోలు ఎల్లి తెస్తానండి.”

“రాజోల్లో రంగు వేస్తారు” అన్నాను.

రెండో మూడో ఇస్తే సరిపోతుందని మడి దాకా వెళ్ళేటప్పుడు అనుకున్నాను. మొదటి కాడ కోశాక ఆగే చోటు కనబడలేదు. పదకొండూ కోసి అతని పళ్ళెంలో పెట్టాను. బడికి సెలవుచీటీ పంపి వాళ్ళింటికి వెళ్ళాను. బుజ్జమ్మగారి మెడలో అవి బాగానే ఉన్నాయి.

ఆ సాయంత్రం స్నానం చేసి వచ్చి, ఆయన పుస్తకం తీశాను. నేను నాటిన సంగతి కూడా అందులో రాయాలి కదా. చివరి పేజీలో ఆయన వరసల కింద నా వరస రాశాను. నాటింది ఆగస్టు 11. దుంపలు 40. మొదటి పువ్వు నవంబరు 10. ఎవరికి అన్న గడిలో బుజ్జమ్మగారికి అని రాశాను. రాశాక, పై వరసల్లో ఆ గడిలో ఏముందో మొదటిసారి చదివాను. అన్నీ పేర్లే. మా వీధి వాళ్ళవి, వెనక వీధి వాళ్ళవి. ఒక్కో వరసకు మూడు, నాలుగు. అందరూ పోయినవాళ్ళే.

అప్పుడు మొదటి గడి మళ్ళీ చూశాను. ఆగస్టు 5, పది. అక్టోబరు 20, పది. జనవరి 5, పది. మార్చి 20, పది. నాలుగు వరసలూ నాలుగు సంవత్సరాలవని అనుకున్నాను. వరదకు ముందు ఒక్క ఏడాదివే. పేజీలు వెనక్కి తిప్పాను. ప్రతి పేజీ అంతే, నాలుగేసి వరసలు. ఒక పది వాడేసరికి ఇంకో పది మొగ్గలో ఉండేలా. ఎవరు ఎప్పుడు పోతారో తెలియదు కాబట్టి మడి ఎప్పుడూ ఖాళీగా ఉండకూడదు. దీన్ని నేను ఇరవై ఏళ్ళు బద్ధకం అన్నాను. ఆయన ఆయ్ అన్నారు.

నేను ఆయన లెక్క తీసుకుని ఒకే రోజు కోసం సగటు కట్టాను.

డిసెంబరు ఒకటిన సంవత్సరీకం అయింది. పంతులుగారు వేళకు వచ్చారు. తాతారావు రాజోలు నుంచి దండ తెచ్చాడు. చామంతులే. కొనేటప్పుడు చేత్తో రుద్ది చూశానండి వదినగారూ, రంగు పోవట్లేదు అన్నాడు. మధ్యాహ్నానికి ఫొటో అద్దం మీద పసుపుపచ్చ చార దిగింది. తుడిచాను.

భోజనాలు పెరట్లోనే. వెనక వీధి సూర్యకుమారిగారు చెయ్యి కడుక్కుంటూ, మడి వైపు చూసి, ఈ ఏడు కూడా ఖాళీయేనా అంది.

“బుజ్జమ్మగారికి ఎల్లేయండి” అంది మంగాయమ్మ, వడ్డిస్తూనే.

“ఓహో” అంది సూర్యకుమారిగారు. ఆవిడకు ఆ సమాధానం సరిపోయింది. చెయ్యి తుడుచుకుని వెళ్ళి తాంబూలం తీసుకుంది. ఆ మడి సంగతి ఇంకెవరూ అడగలేదు.

మరునాడు శనివారం. రెండోది కాదు కాబట్టి బడి ఉంది. సాయంత్రం వచ్చి పార తీశాను. మంగాయమ్మ ఉట్టి మీంచి బుట్ట దించి గోడ మీద పెట్టింది. ఇవాళ మంచిదేనా అండి అని నేనే అడిగాను.

“కాలెండరు చూడలేదండి” అంది. “ఎన్ని పెడతారు?”

పది అన్నాను. పది లెక్కపెట్టి ఇచ్చింది. అన్నీ సన్నవే. ఈసారి నేను వద్దనలేదు.

నాటి, నీళ్ళు పోసి, చేతులు కడుక్కుని పుస్తకంలో రాశాను. నాటింది డిసెంబరు 2. దుంపలు 10. మొదటి పువ్వు, ఎవరికి అన్న గళ్ళు రెండూ ఖాళీగా వదిలాను. తరవాతి పది జనవరి నెలాఖరుకు.